పరిహారం, బీమా సొమ్ము – దివ్యాంగుల పింఛను అర్హత

శ్రీకాకుళం/విజయనగరం: ప్రమాద పరిహారం తీసుకుంటే దివ్యాంగుల పింఛను రద్దవుతుందా అన్న సందేహం బాధిత కుటుంబాలకు కలగడం సహజం. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద పలాస ప్యాసింజరును రాయగడ ప్యాసింజరు ఢీకొన్నపుడు, తీవ్రంగా గాయపడినవారికి రైల్వేశాఖ రూ.2.50 లక్షల చొప్పున ప్రకటించింది. ఇది ఒక్కసారి అందే సొమ్ము.

ఎన్టీఆర్ భరోసా పింఛనుకు కనీసం 40 శాతం వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం ఉండాలి. కుటుంబ నెలసరి ఆదాయం గ్రామాలలో రూ.10 వేలు, పట్టణాలలో రూ.12 వేలు మించరాదు. భూమి, కారు, విద్యుత్ వినియోగం, ఆదాయపు పన్ను, ప్రభుత్వోద్యోగం కూడా పరిశీలిస్తారు. పరిహారం పొందడం గానీ, ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద రూ.2 లక్షలు అందుకోవడం గానీ ఈ అనర్హతల జాబితాలో లేవు. చిక్కంతా ఆ సొమ్ము వినియోగంలో ఉంది. దానితో సొంతానికి కారు కొన్నా, మాగాణి మూడెకరాలు దాటినా పింఛనుకు అడ్డు వస్తుంది. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరులకు మినహాయింపు కలదు.

నెలనెలా వచ్చే భృతి సంగతి వేరు. పైడిభీమవరం వంటి పారిశ్రామికవాడలలో గాయపడిన కార్మికునికి ఈఎస్ఐ చెల్లించే శాశ్వత వైకల్య భృతి క్రమం తప్పని రాబడి గనుక, విచారణలో దానిని ముందే తెలుపడం మేలు.

2024 జూలై నుండి ఈ పింఛను రూ.6,000; ప్రమాదం వల్ల మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ.15,000. అనగా రైల్వే ప్రకటించిన మొత్తం పదిహేడు నెలల పింఛనుకైనా సరిపోదు. అనర్హులుగా నోటీసు అందినవారు ఆధారాలతో ఎంపీడీవోకు గానీ, మున్సిపల్ కమిషనరుకు గానీ అప్పీలు చేసుకోవచ్చును.