పలక, పెట్టె: రెండు చిన్న కంప్యూటర్ల వంశావళి

మా మీర్‌పేట ఇంట్లో టీవీ పక్కనున్న గూటిలో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఒకటి బ్యాంకు కార్డంత పలక. దానికి తొడుగు కూడా లేదు. ఆకుపచ్చటి బోర్డు మీద చిప్పులన్నీ బయటికి కనిపిస్తూ ఉంటాయి. రెండవది అమ్మ పోపుల పెట్టె కన్నా చిన్నదైన ఒక నల్లటి పెట్టె. ఇంట్లో ఏదైనా చిన్న పని తలపెట్టిన మిత్రులు ఈ రెంటిలో ఏది కొనడం మేలని తరచు అడుగుతుంటారు. ధరల పట్టికలు చూసి జవాబు చెప్పవచ్చుననే నేనూ చాలాకాలం అనుకున్నాను. వీటి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకున్నాక ఆ అభిప్రాయం మారింది. అయితే అది తెలిసేసరికే మా ఇంట్లో పూడ్చుకోలేని నష్టం ఒకటి జరిగిపోయింది. ఆ సంగతికి తరువాత వస్తాను. ముందుగా చరిత్ర.

ఎల్బీనగర్ నుంచి ఉప్పల్ మీదుగా ఈసీఐఎల్‌కు వెళ్ళే బస్సు ఎక్కినవారిలో ఎందరికి ఆ చౌరస్తా పేరు ఒక కంప్యూటరు కర్మాగారానిదని గుర్తుంటుందో తెలియదు. అణుశక్తి విభాగం కింద 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా హైదరాబాదులో ఏర్పడింది. దానికి తొలి సారథి అయ్యగారి సాంబశివరావు గారు. ఆ పక్కనే ఉన్న ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరిట వెలసిందే. ట్రాంబేలో మొదలైన పరిశోధనల ఫలితంగా 1969లో టీడీసీ-12 అనే యంత్రం వచ్చింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్నది దాని పూర్తి పేరు, 12 బిట్ల యంత్రం కనుక ఆ అంకె. ఆ తరువాత 1970ల నడుమ టీడీసీ-312, టీడీసీ-316 మన ఊళ్ళోనే తయారయ్యాయి. అవి బీరువాలంత యంత్రాలు. వాటిని ఇంటికి తెచ్చుకోవాలన్న ఊహ అప్పట్లో ఎవరికీ వచ్చి ఉండదు. కంప్యూటరు అంటే సంస్థకు చెందిన వస్తువు, దాని గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళాలి.

ఆ బీరువాను పలకగా మార్చింది మైక్రోప్రాసెసరు. ఇంటెల్ సంస్థ 1971లో 4004ను, 1976లో 8085ను తెచ్చింది. అదే 1976లో అమెరికాలో మాస్ టెక్నాలజీ అనే సంస్థ కిమ్-1 అనే బోర్డును 245 డాలర్లకు అమ్మింది. ఒక కిలోబైటు జ్ఞాపకశక్తి, అంకెలు చూపే ఆరు ఎర్రటి దీపాల వరుస, 23 మీటలు, అంతే. పెట్టె లేదు, తెర లేదు. అసలు ఆ బోర్డు ఉద్దేశం ఇంట్లో వాడుకోవడం కాదు, 6502 అనే ప్రాసెసరు ఎలా పనిచేస్తుందో ఇంజనీర్లకు చేతితో చేసి చూపించడం. మన ఇంజనీరింగు కళాశాలల్లో చదివిన వారికి దీని దాయాది బాగా పరిచయమే. ప్రయోగశాల బల్ల మీద 8085 ట్రైనరు కిట్టు, దాని మీద మీటలు నొక్కి ఒక్కొక్క హెక్సా అంకె ఎక్కించడం, మధ్యలో కరెంటు పోతే మొత్తం తుడిచిపెట్టుకుపోయి మళ్ళీ మొదటి నుంచి నొక్కడం, ఎవరూ మరిచిపోలేదు కదా! ఆ చిరాకు వెనకనే పలక స్వభావం అంతా ఉంది. పలక మీద దిద్దుతాం, చెరిపేస్తాం, మళ్ళీ దిద్దుతాం. అది నేర్చుకోవడానికి పుట్టింది.

ఆ సంప్రదాయమే ముప్ఫై అయిదేళ్ళ తరువాత ఇంగ్లండులో మరల పుట్టింది. 1981లో అక్కడి బడుల కోసం ఏకార్న్ సంస్థ బీబీసీ మైక్రో అనే కంప్యూటరును చేసింది. అదే సంస్థలో 1985లో ఆర్మ్ ప్రాసెసరు ఊపిరి పోసుకుంది. నేడు మన చేతుల్లోని ఫోన్లన్నిటికీ మూలపురుషుడు అదే. 2000ల నాటికి కేంబ్రిడ్జిలో కంప్యూటరు శాస్త్రం చదవడానికి వచ్చే పిల్లల్లో స్వయంగా ప్రోగ్రాములు రాసిన అనుభవం తగ్గిపోతున్నదని ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు గమనించారు. పాడైపోతుందన్న భయం లేకుండా పిల్లలు చెయ్యి పెట్టగల చవక కంప్యూటరు కావాలన్నది వారి సంకల్పం. అలా 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెరీ పై వెలువడింది. ధర 35 డాలర్లు. 700 మెగాహెర్ట్జ్ ఆర్మ్ ప్రాసెసరు, 256 మెగాబైట్ల మెమరీ, నిలవకు ఒక ఎస్‌డీ కార్డు. దాని నమూనాలకు ఏ, బీ అని పేర్లు పెట్టడం కూడా బీబీసీ మైక్రో స్మృతిలోనే.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. బడిపిల్లవాడికి ఎస్‌డీ కార్డు వరం. కార్డు పాడైతే తీసివేసి, ఇంకొకటి రాసి పెట్టుకుంటే యంత్రం మళ్ళీ కొత్తదే. గడియారానికి బ్యాటరీ లేకపోయినా, ఆపడానికి మీట లేకపోయినా అతనికి నష్టం లేదు. ఈ రెండూ పై 5 వచ్చిన 2023 దాకా ఆ పలకల్లో లేవు. అంటే, రోజుల తరబడి ఆగకుండా నడుస్తూ ఇంటి విలువైన కాగితాలను కాపాడడం దాని పుట్టుకలోని ఉద్దేశం కాదు. ఆ పని మనం దాని నెత్తిన పెట్టాం.

పెట్టె వంశం వేరు. అది బడిలో కాక ఆఫీసులో పుట్టింది. బల్ల కింద కాళ్ళకు అడ్డుపడే డబ్బాను ఎంత చిన్నది చేయవచ్చు అన్నదే అక్కడి ప్రశ్న. 2001లో వయా సంస్థ 17 సెంటీమీటర్ల చదరపు మదర్‌బోర్డు కొలతను ప్రకటించింది. 2005 జనవరిలో యాపిల్ మ్యాక్ మినీ వచ్చింది. 2012, 13 ప్రాంతాల్లో ఇంటెల్ నక్ పేరిట అరచేతిలో ఇమిడే పెట్టెను తెచ్చింది. దాదాపు ఆ కాలంలోనే పెద్ద కంపెనీలు తెర వెనక తగిలించుకోగల లీటరు పరిమాణపు ఆఫీసు కంప్యూటర్లను లక్షల కొద్దీ కొనసాగాయి. ఈ వంశంలో ఎవరూ నేర్చుకోవడానికి పుట్టలేదు, అందరూ ఉద్యోగానికే పుట్టారు. లోపల సరైన డిస్కు, గడియారానికి బ్యాటరీ, ఆపడానికి మీట, చల్లబరచడానికి పంకా ఉంటాయి. పెన్‌డ్రైవు పెట్టి ఏ లినక్సునైనా ఎక్కించవచ్చు. ఒక్కొక్క బోర్డుకు ఒక్కొక్క ప్రత్యేక ప్రతిని వెతుక్కోనక్కరలేదు.

ఇక మా ఇంటి కథ. నాన్నగారు బడిలో తెలుగు పండితులు. మీర్‌పేట ఇంకా ఊరుగా ఉన్న రోజుల నుంచి ఇక్కడి చెరువుల పేర్లు, పొలాల పేర్లు, ముసలివాళ్ళు చెప్పిన సామెతలు పదకొండు నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. పెద్ద చెరువు, మంత్రాల చెరువు, చందన చెరువు అని మనం ఇప్పుడు పిలిచే వాటి గట్ల కింద ఏ మడికి ఏ పేరుండేదో వాటిలో ఉండేది. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు మీర్‌పేటలో పల్లపు కాలనీలు నీళ్ళలో నానాయి. మా ఇంట్లోకి మోకాలి లోతు వచ్చింది. కింది అరలో ఉన్న నాలుగు పుస్తకాలు ముద్దయిపోయాయి. మిగిలిన ఏడింటిని ఫ్యాను కింద ఆరబెట్టి, బూజు పట్టేలోగా పుట పుటకూ ఫోటో తీశాను. ఆ తరువాత ఆ కాగితాలు చేతిలో పొడిపొడిగా రాలిపోయాయి.

ఆ ఫోటోలను అంతకు ముందు ఏడాది కొన్న పై 4లో పెట్టాను. ఇంట్లో ఎవరి ఫోనులోనైనా అవి కనబడేవి. అమ్మ రోజూ ఒక పుట చదివేది. 2022 వేసవిలో ఈదురుగాలికి ఒక సాయంత్రం కరెంటు ఏడెనిమిది సార్లు పోయి వచ్చింది. మరునాడు పలక మేలుకోలేదు. కార్డు ఖాళీ అని చెప్పింది. అంతకు ముందే తమ్ముడి పెన్‌డ్రైవులోకి అయిదు పుస్తకాలు ఎక్కించి ఉన్నందున అవి దక్కాయి. రెండు పోయాయి. వాటిలో ఏముండేదో ఇప్పుడు అమ్మకు గుర్తున్నంత మేరకే మాకు తెలుసు.

కారణం వెతికితే పెద్ద రహస్యమేమీ లేదు. ఫ్లాష్ మెమరీలో రాయడం చిన్న చిన్న పుటలుగా, చెరపడం పెద్ద పెద్ద గళ్ళుగా జరుగుతుంది. మనం ఒక్క వాక్యం మార్చినా కార్డు లోపలి చిన్న ప్రాసెసరు ఒక గడినంతా వేరొక చోటికి మార్చి, ఏది ఎక్కడ ఉన్నదో చెప్పే తన చిట్టాను తిరగరాసుకోవలసి రావచ్చు. ఆ తిరగరాత మధ్యలో కరెంటు పోతే చిట్టా చెడుతుంది. చిట్టా చెడితే సరుకు ఉన్నా దారి ఉండదు. మనం ఏమీ చేయకపోయినా లినక్సు తన దినచర్యను నిమిష నిమిషమూ రాసుకుంటూనే ఉంటుంది కనుక ఆ ప్రమాదానికి వేళాపాళా లేదు. పైగా నేను పాత ఫోను చార్జరును, సన్నటి తీగనూ వాడాను. పై 4కు 5 వోల్టుల వద్ద 3 ఆంపియర్ల దాకా కావాలి. తీగలో వోల్టేజి పడిపోతే తెర మూలన మెరుపు గుర్తు చూపి హెచ్చరిస్తుంది. నా పలకకు తెరే లేదు, ఇక హెచ్చరిక ఎవరికి?

2023లో సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి ఒక ఆఫీసు వాడి వదిలేసిన పెట్టెను కొన్నాను. అందులో ఎస్ఎస్‌డీ ఉంది. అది కూడా ఫ్లాషే, దానికీ చావు ఉంది. కాని లోపలి నియంత్రణ మేలైనది, అదనపు గళ్ళు ఎక్కువ. ముద్రిత పుస్తకాల స్కానుల నుంచి టెసెరాక్టు చేత తెలుగు అక్షరాలు చదివించే పని పలక మీద రాత్రంతా సాగేది, ఇక్కడ భోజనం ముగిసేలోగా అయిపోతుంది. కరెంటు ఖర్చు గురించి భయపడినంత లేదు. ఊరికే ఉన్నప్పుడు పలక సుమారు 3 వాట్లు, నా పెట్టె సుమారు 10 వాట్లు తీసుకుంటున్నాయి. 7 వాట్ల తేడా నెలకు అయిదు యూనిట్లు. 2023 జనవరిలో వచ్చిన ఇంటెల్ ఎన్100 వంటి ప్రాసెసర్లున్న పెట్టెల్లో ఆ తేడా ఇంకా తక్కువ.

అలాగని పలకను అటకెక్కించలేదు. దానికి తన సొంత పని దొరికింది. ఎండాకాలంలో మా వీధికి ట్యాంకరు వస్తే తప్ప సంపు నిండదు. పై ట్యాంకులో నీరెంత ఉందో చూడడానికి అమ్మ రోజుకు రెండు సార్లు మెట్లెక్కేది. పలక అంచున నలభై పిన్నులున్నాయి, పెట్టెకు ఒక్కటీ లేదు. కోఠీ గుజరాతీ గల్లీలో ధ్వనితో దూరం కొలిచే చిన్న సెన్సారు కొని ఆ పిన్నులకు కలిపాను. సెన్సారు 5 వోల్టులతో బదులిస్తుంది, పలక 3.3 వోల్టులే భరిస్తుంది, కనుక నడుమ రెండు రెసిస్టర్లు పెట్టాలి. ఇది మరిచి పలకను కాల్చుకున్నవారు ఎందరో! ఇప్పుడు ఆ పలకలో దాచుకోవలసింది ఏమీ లేదు. కార్డును చదవడానికి మాత్రమే వీలుగా అమర్చాను. కరెంటు పోతే పోనీ, తిరిగి రాగానే మళ్ళీ నీటి మట్టం చెబుతుంది. ఇంతమాత్రపు పనికి ఇంకా చవకైన మైక్రోకంట్రోలరు చాలునన్నవారి మాట కూడా నిజమే.

కనుక నా జవాబు ఇది. మీ పని తీగలతో అయితే పలక, కాగితాలతో అయితే పెట్టె. నేర్చుకోవడానికి పలక, దాచుకోవడానికి పెట్టె. ధర చూసి పలకను ఎంచుకునే రోజులు కూడా దాదాపు ముగిశాయి. 35 డాలర్లతో మొదలైన వంశంలో 2025 జనవరిలో వచ్చిన 16 గిగాబైట్ల పై 5 ధర విడుదలైనప్పుడే 120 డాలర్లు. చార్జరు, తొడుగు, డిస్కు కలుపుకుంటే వాడిన పెట్టె ధరకు చేరుతుంది.

అయితే ఏ వంశాన్నీ పూర్తిగా నమ్మడానికి లేదు. చిప్పుల కొరత వల్ల 2021 నుంచి 2023 దాకా పలకలు దొరకడమే కష్టమయింది. 2023 జూలైలో ఇంటెల్ నక్ పెట్టెల వ్యాపారం నుంచి తప్పుకుంది, ఆసుస్ దాన్ని అందుకుంది. యంత్రాలు వస్తుంటాయి, పోతుంటాయి. తాటాకు కూడా శాశ్వతం కాదని మన పూర్వులకు తెలుసు. అందుకే పాత ఆకు శిథిలమయ్యేలోగా కొత్త ఆకు మీద ప్రతి రాసేవారు. బ్రౌను దొర కడపలో ఇల్లు కొని, పండితులకు తన సొమ్ము జీతమిచ్చి చేయించినది కూడా ఇదే, ప్రతికి ప్రతి రాయించడం, ఒకదానితో ఒకటి సరిచూడడం. మన కావ్యాలు ఎన్నో నిలిచింది ఆకు గట్టిదనం వల్ల కాదు, ప్రతులు అనేకం కావడం వల్ల.

ఒకప్పుడు తెర మీద తెలుగుకు బదులు డబ్బాలు కనబడితే ఫాంట్ల కోసం తిరిగి, లేఖినిలో అక్షరాలు పేర్చుకుని రాసిన మిత్రులు ఇది చదువుతున్నారు. మన పాత టపాల ప్రతులు మన దగ్గర ఎన్ని ఉన్నాయి? నాన్నగారి అయిదు పుస్తకాలు ఇప్పుడు పెట్టెలో ఒక ప్రతి, తమ్ముడి ఇంట ఒక ప్రతి, బీరువాలోని డిస్కులో ఒక ప్రతిగా ఉన్నాయి. ఆరవ పుస్తకం ఒకటి కొత్తగా మొదలయింది. పోయిన రెంటిలో అమ్మకు గుర్తున్న సామెతలు, మడుల పేర్లు ఆదివారాలు ఆమె చెబుతుంటే నేను రాసుకుంటున్నాను. ఇప్పటికి నలభై పుటలయ్యాయి. వాటినీ ఆ వారమే మూడు చోట్ల పెడుతున్నాను.