రెండో బొమ్మ: హాలీవుడ్ చవక సాహస చిత్రాలు

1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా సినిమా హాళ్లు ఖాళీ పడ్డాయి. జనాన్ని మళ్లీ రప్పించడానికి యజమానులు ఒకే టికెట్టు మీద రెండు బొమ్మలు వేయసాగారు. మొదటిది పేరున్న తారల పెద్ద సినిమా, రెండోది గంటసేపు నడిచే ‘బి’ చిత్రం. పెద్ద సినిమాకు వసూళ్లలో వాటా ఇచ్చేవారు. రెండోదానికి మాత్రం ముందే మాట్లాడుకున్న అద్దె చెల్లించేవారు. ఎంత బాగా ఆడినా నిర్మాత చేతికొచ్చేది అంతే. అందుకే అతని లాభమంతా ఖర్చు తగ్గించడంలోనే ఉండేది. కౌబాయ్ కథలు, అడవి సాహసాలు ఈ లెక్కకు సరిగ్గా కుదిరాయి.

ఇలాంటి చిత్రాలు తీసే చిన్న కంపెనీలు చాలా వరకు హాలీవుడ్‌లో సన్‌సెట్ బులెవార్డ్, గోవర్ వీధి కలిసే చోట ఉండేవి. పశువుల మేపు పనులు పోయిన నిజమైన కౌబాయ్‌లు టోపీలు, బూట్లతో సహా వచ్చి, ఆ కూడలిలో వేషం కోసం కాచుకునేవారు. 1935లో హెర్బర్ట్ యేట్స్ మోనోగ్రామ్, మాస్కట్ వంటి కంపెనీలను కలిపి రిపబ్లిక్ పిక్చర్స్ నెలకొల్పాడు. ఫిల్ము కడిగే ల్యాబ్ ఆయనదే కావడం ఈ విలీనానికి బలమైంది.

షూటింగుకు దూరం పోయేవారు కాదు. లాస్ ఏంజిలిస్‌కు వాయవ్యాన చాట్స్‌వర్త్ దగ్గరి ఐవర్సన్ రాంచ్‌లోని బండరాళ్లే ఒక సినిమాలో టెక్సాస్, ఇంకోదాంట్లో ఆరిజోనా. రాత్రి దృశ్యాలను ఫిల్టరు పెట్టి పట్టపగలే తీసేవారు. పాత చిత్రంలోని గుర్రాల తరుముడును కొత్తదాంట్లో అతికించేవారు. ఆ అతుకు కనపడకుండా కొత్త హీరోకు పాత హీరో చొక్కాలాంటిదే తొడిగేవారు.

ఈ పొదుపులోంచే ఒక గొప్ప విద్య పుట్టింది. స్టంట్‌మన్ యాకిమా కనట్ పరుగెత్తే గుర్రాల మధ్యకు జారి, బండి కిందుగా నేల మీద ఈడ్చుకుపోయేవాడు. 1939 నాటి ‘స్టేజ్‌కోచ్’లో అబ్బురపరచిన ఆ విన్యాసాన్ని ఆయన సాధన చేసింది చవక చిత్రాల్లోనే. అయితే గుర్రాల ముందు కాళ్లకు తీగ కట్టి, పరుగులో పడగొట్టే క్రూర పద్ధతి కూడా అక్కడ చెల్లింది. ఎన్నో గుర్రాలు దానికి బలయ్యాయి.

అడవి చిత్రాలదీ ఇదే దారి. ఎం.జి.ఎం. ‘ట్రేడర్ హార్న్’ (1931) కోసం ఆఫ్రికాలో తీసిన ఫిల్ములో మిగిలిన భాగాన్ని మరుసటి ఏడాది ‘టార్జాన్ ది ఏప్ మ్యాన్’లో వాడుకుంది. అందులో భారతీయ ఏనుగులకు పెద్ద చెవులు అతికించి ఆఫ్రికా ఏనుగులుగా చూపారు. పెద్ద సంస్థే అలా చేస్తే, చిన్నవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. చెవుల మోసం చిన్నదే. ఆఫ్రికా ప్రజలను మూటలు మోసేవాళ్లుగానో, ఈటెలు పట్టిన గుంపుగానో తప్ప చూపకపోవడం క్షమించరాని తప్పు. కౌబాయ్ చిత్రాలు అమెరికా ఆదివాసులకూ ఇదే అన్యాయం చేశాయి.

టార్జాన్ వేషం వదిలాక జానీ వైస్‌ముల్లర్ కొలంబియా సంస్థకు ‘జంగిల్ జిమ్’ వరస చిత్రాలు చేశాడు. 1948లో మొదలైన ఆ వరసలో చివరి మూడింటికి వచ్చేసరికి జిమ్ పేరు హక్కులు టీవీకి వెళ్లిపోయాయి. దాంతో ఆయన సొంత పేరుతోనే నటించాల్సి వచ్చింది. అంతకు ముందే, 1949లో, సినిమా కౌబాయ్ హోపలాంగ్ క్యాసిడీ టీవీకెక్కాడు. ఇంట్లోనే ఉచితంగా దొరుకుతున్న కౌబాయ్ కోసం హాలుకు వచ్చేవారు తగ్గారు. 1950ల మధ్యకల్లా హాళ్ల కోసం ఈ వరస చిత్రాలు తీయడం దాదాపు ఆగిపోయింది.