చిట్టి మూత్రంలో సున్నం

మే నెల తెల్లవారుజాము. అమరావతిలో అమరేశ్వరుడి గుడికి దగ్గర్లో ఓ సందు. కృష్ణ మీంచి వచ్చే గాలిలో ఇంకా కాస్త చలువ ఉంది. తొమ్మిది దాటితే అదీ ఉండదు. మీరు వరండాలో, వెడల్పాటి చెక్క గూడు ముందు గచ్చు మీద కూర్చున్నారు. గూట్లో తెల్లటి నూలు గుడ్డ పరిచి ఉంది. మూలన చిట్టి, నాలుగేళ్ల ఆడ గినీ పిగ్. వీపు గూనిలా పైకి లేచింది, బొచ్చు నిక్కబొడుచుకుంది. వెనక కాళ్లు ఎడంగా పెట్టి ముక్కుతోంది. సన్నగా కీచుమంది. గరిక కట్ట కోసం పెట్టే కీచు కాదది. గుడ్డ మీద చిన్న తడి మరక, అంచున గులాబీ రంగు.

"మళ్లీ వచ్చిందమ్మమ్మా," అంటోంది ఇంటర్ చదివే మనవరాలు. ఆమె గొంతు వణుకుతోంది. మొన్న సంక్రాంతి తర్వాత ఇలాగే వస్తే మందు వేశారు. అయిదు రోజులకు తగ్గింది కదా అని ఆపేశారు.

ఎర్రగా కనిపించిందంతా రక్తం కాదు. గినీ పిగ్ మూత్రం గాలి తగిలాక ఒక్కోసారి నారింజ రంగుకో, ఇటుక రంగుకో తిరుగుతుంది. తేల్చాలంటే తాజా మూత్రంలో పరీక్ష పట్టీ ముంచాలి. కానీ ఆ ముక్కడం, ఆ కీచు చూశాక ఇది ఉత్త రంగు కాదని తెలుస్తూనే ఉంది. పక్కనే ఎండిపోయిన పాత మరకను వేలితో రాయండి. పలకమీది సుద్దపొడిలా మెత్తగా ఉంటే భయం లేదు, వీటి మూత్రంలో కాస్త తెలుపు మామూలే. ఇది మాత్రం ఇసుకలా గరగరమంటోంది.

అమ్మమ్మ ఫ్రిజ్ తీసింది. "నిరుడు మీ తమ్ముడికి రాసిన సిరప్ ఉంది గదే, రెండు చుక్కలు పోద్దామా?"

"వద్దు వద్దు, అది పొయ్యకు!" అమ్మాయి సీసా లాక్కుంది.

ఆ సీసాలో ఉన్నది అమాక్సిసిలిన్. పిల్లలకు నిత్యం వాడేదే. గినీ పిగ్ నోట్లో పడితే మాత్రం పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపేస్తుంది, చెడ్డవి పెరిగి విషం కక్కుతాయి. కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. పెన్సిలిన్ జాతి మందులు, క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ వీటికి నోటి ద్వారా ఇవ్వకూడదు. ఈ ముక్క గినీ పిగ్ అమ్మే ప్రతి దుకాణంలోనూ గోడమీద రాసి పెట్టాలని నా కోరిక.

బుట్టలో గరిక నింపి, కీరా ముక్క వేసి, చిట్టిని కూర్చోబెట్టారు. ప్రయాణమని దీన్ని పస్తు ఉంచకూడదు. ఒక్క పూట మేత మానినా పేగు మందగిస్తుంది, అది వేరే ప్రమాదం. తుళ్లూరు దాటి, కరకట్ట మీదుగా ప్రకాశం బ్యారేజి వైపు కారు పోతోంది. బుట్ట మీద తడి గుడ్డ కప్పారు. ముప్పై డిగ్రీలు దాటితే ఈ జంతువు తట్టుకోలేదు, పలనాటి మేలో ఎండ నలభై దాటుతుంది.

విజయవాడలో కుందేళ్లనూ పక్షులనూ చూసే పశువైద్యుడి గది. ఆయన ముందు తూకం వేశారు, పోయిన నెలకన్నా తగ్గింది. రెండు వేళ్లతో పొత్తికడుపు మెల్లగా తడిమారు. చిట్టి విలవిల్లాడింది. "మందు మాట తర్వాతమ్మా. ముందు శాంపిల్, ఎక్స్‌రే," అన్నారు. స్కానింగ్‌లో చూస్తూ సన్నటి సూదితో మూత్రాశయం నుంచి నేరుగా మూత్రం తీశారు. కింద పడ్డ మూత్రంలో పెంటలోని క్రిములు కలుస్తాయి, దాన్ని కల్చర్‌కు, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షకు, పంపితే తప్పుదారి పట్టిస్తుంది. ఆడవాటిలో మూత్రద్వారం మలద్వారానికి దగ్గర, అందుకే ఈ. కొలై లాంటివి తేలిగ్గా లోపలికి ఎక్కుతాయి.

తెర మీద ఎక్స్‌రే వెలిగింది. మీరూ ముందుకు వంగండి. రాయి లేదు. మూత్రాశయం అడుగున మాత్రం తెల్లటి మడ్డి పొర. కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి. అమరావతి మహాచైత్యం శిల్పాలు చెక్కిందీ సున్నపురాయిలోనే. పిడుగురాళ్లలో బట్టీలకు ఎక్కేదీ అదే.

కారణం దీని ఒంటి తీరులోనే ఉంది. మనం తిన్న కాల్షియంలో ఒంటికి కావలసినంతే పేగు పీల్చుకుంటుంది. గినీ పిగ్ పేగు వచ్చినదాంట్లో చాలావరకు లాగేసుకుంటుంది, మిగులును మూత్రంలోకి తోసేస్తుంది. దీని మూత్రం అసలే క్షారం, నీళ్లు తక్కువైతే సున్నం పేరుకుంటుంది. ఆ గరుకు లోపలి పొరను రాపాడుతుంది, వాపు వస్తుంది, వాచిన చోట క్రిములు కాపురం పెడతాయి. మందుతో క్రిములు పోయినా మడ్డి అక్కడే ఉంటుంది. మూడు నెలలకు మళ్లీ అదే కథ.

"ఏం పెడుతున్నారు?"

"మునగాకండీ. రోజూ. బలమని," అంది అమ్మమ్మ. "గోంగూర కూడా, ఇంట్లో కోసిన రోజు. ఇంక కుందేలు దాణా."

ఆయన తల పంకించారు. వంద గ్రాముల మునగాకులో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైనే. మనిషికి అది వరం, చిట్టికి బరువు. గోంగూర, పాలకూరలో ఆక్సలేట్లు. కుందేలు దాణాలో చాలావాటికి లూసర్న్ గడ్డే ఆధారం, దాన్నిండా కాల్షియమే. తగ్గించాల్సినవి ఇవి. పెంచాల్సింది గడ్డి, నీళ్లు. గరిక నీడలో ఆరబెట్టి పగలూ రాత్రీ ముందుంచాలి. మిరప, పత్తి చేల గట్ల మీద కోసింది మాత్రం వద్దు, పురుగుమందు పడి ఉంటుంది. ఆకుకూర కడిగి తడితోనే పెట్టాలి. సి విటమిన్ ఒంట్లో తయారు చేసుకోలేని జీవి కాబట్టి రోజూ క్యాప్సికం ముక్క ఉండాలి. అందులో కాల్షియం బాగా తక్కువ. విటమిన్ చుక్కలు నీళ్లలో కలపకూడదు, రుచి మారితే అసలు తాగడమే మానేస్తుంది.

చర్మం కింద సెలైన్ ఎక్కించారు. నొప్పికి మెలాక్సికామ్, క్రిములకు ట్రైమెథోప్రిమ్-సల్ఫా, రెండూ బరువు చూసి రాసిన మోతాదులో. కల్చర్ వచ్చాక మందు మార్చాల్సి రావచ్చన్నారు. కల్చర్‌లో ఏమీ పెరగక, రాయీ లేక, అయినా మళ్లీ మళ్లీ మూత్రాశయం వాచేవీ ఉంటాయి. వాటికి యాంటీబయాటిక్ మార్చి మార్చి పోసి లాభం లేదు. నొప్పి తగ్గించే మందు, నీళ్లు, నెలల తరబడి ఓపిక కావాలి.

సాయంత్రం మళ్లీ ఆ వరండా. అమ్మాయి ఒడిలో తువ్వాలు, తువ్వాల్లో చిట్టి. సిరంజిని నోటి పక్కనుంచి పెట్టి మందు బొట్టు బొట్టుగా వదులుతోంది. అమ్మమ్మ రెండు నీళ్ల గిన్నెలు నింపి, ఒకటి గూడు దగ్గర, ఒకటి గరిక పక్కన పెట్టింది. గూట్లో తడి గుడ్డ పూటపూటా మారుస్తారట. గోడకు కొత్త కాగితం అంటించారు: వారం వారం వంటింటి తక్కెడలో తూకం, రోజూ మరక రంగు. ఈసారి కోర్సు మధ్యలో ఆపేది లేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి ప్రాణి ఉంటే, రెండోసారి ఎరుపు కనిపించిన రోజున పాత చీటీ పట్టుకుని మందుల షాపుకు పోకండి. ఎక్స్‌రే, కల్చర్ చెయ్యమని నోరు తెరిచి అడగండి. ముక్కుతూ ఒక్క చుక్క కూడా రాకపోతే మూత్రమార్గంలో రాయి అడ్డుపడి ఉండొచ్చు. అప్పుడు తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే వైద్యుడి తలుపు తట్టండి.