గారెత్ జోన్సు : కాలినడకను వార్త తెచ్చిన విలేఖరి

విదేశ వార్తలను మనము ప్రతిదినమును చదువుచున్నాము. ఆ వార్త వ్రాసినవాడు చూచి వ్రాసెనా, చూడక వ్రాసెనా, చూచియు దాచెనా యని విచారించువారు మనలో మిక్కిలి తక్కువ. ఈ సంచికను చదువు సోదరులకు అట్టి విచారణకు తగిన యొక విలేఖరి చరిత్రమును విన్నవింప దలచితిమి. ఆయన మన దేశమువాడు కాడు. అయినను ఆయన చూచినదేమో మన పూర్వులకు తెలియనిది కాదు.

గారెత్ జోన్సు 1905వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీని వేల్సునందలి బారీ పట్టణమున జన్మించెను. తండ్రి పాఠశాలాధ్యక్షుడు. తల్లి వివాహమునకు పూర్వము ఉక్రెయిను సీమలోని యూజోవ్కాలో, ఆ యూరిని నిర్మించిన హ్యూసు దొరగారి కుటుంబమున పిల్లలకు చదువు చెప్పినది. ఆమె చెప్పిన ముచ్చటలే కుమారుని ఆ దేశమువైపు లాగినవి. ఆయన కేంబ్రిడ్జిలో చదివి, జర్మను, రష్యను భాషలను స్వభాషవలె నేర్చి, 1930లో మాజీ ప్రధానమంత్రి లాయిడ్ జార్జి యొద్ద విదేశ వ్యవహారముల సలహాదారుగ చేరెను. 1933 ఫిబ్రవరి 23వ తేదీని హిట్లరుతో నొక్క విమానమున ఫ్రాంకుఫర్టు సభకు పోయెను. ఆ విమానము కూలినచో ఐరోపా చరిత్రయే మారిపోవునని తన పత్రికకు వ్రాసెను. అది వినోదమునకు వ్రాసిన మాట కాదని లోకమునకు తరువాత తెలిసినది.

మరుసటి మాసముననే మాస్కో చేరెను. ఉక్రెయినులో ధాన్యమును సర్కారువారు నిర్బంధముగ గైకొనుచుండిరి. 1933 జనవరి 22వ తేదీ యాజ్ఞచే రైతులు ఆ సీమను విడిచిపోవుటయు నిషిద్ధమయ్యెను. విదేశ విలేఖరులు అనుమతి లేక అటు పోరాదు. జోన్సు ఖార్కోవునకు రైలెక్కి, నడుమ నొక చిన్న స్టేషనులో దిగి, ఆహారపు మూటను వీపున మోసికొని కాలినడకను బయలుదేరెను. పల్లెలలోను, పన్నెండు సమష్టి క్షేత్రములలోను తిరిగెను. రైతుల యిండ్లలో నేలపై పరుండెను. ఎచ్చటికేగినను రొట్టె లేదు, చచ్చిపోవుచున్నామన్న మొరయే. రైలులో నొక కమ్యూనిస్టు కరువే లేదని వాదింపగా, జోన్సు తాను తినుచున్న రొట్టెముక్కను ఉమ్మితొట్టిలో పడవేసెను. ప్రక్కనున్న రైతు దానిని తీసి యాత్రముతో తినెను. నారింజతొక్క పడవేయగా దానిని గూడ తినెను. కమ్యూనిస్టు మరి మాటాడలేదు.

సరిగా నూరేండ్లకు పూర్వము, 1832-33లో, నందన సంవత్సరమున గుంటూరు సీమను పాడుచేసిన డొక్కల కరువు మాకిచ్చట స్మరణకు వచ్చుచున్నది. మనకు వానలు తప్పినవి. అచ్చట పండిన ధాన్యమునే పట్టుకొనిపోయిరి.

మార్చి 29వ తేదీని బెర్లినులో పత్రికలవారి నెదుట జోన్సు తాను చూచినదంతయు చెప్పెను. రెండు దినములకే, మాస్కోలో న్యూయార్కు టైమ్సు విలేఖరియు, అంతకు ముందేడు పులిట్జరు బహుమాన మందినవాడునగు వాల్టరు డురాంటీ దానిని ఖండించెను. ఆకలి కలదు గాని ఆకలిచావులు లేవట. పోషణలోపమువలన వచ్చు రోగములచేత జనులు చచ్చుచున్నారట! ఈ భేదము చచ్చినవారికి తెలియదు గదా. ఇతర విలేఖరులును జోన్సును సమర్థింపలేదు. దేశమునుండి వెళ్లగొట్టుదురన్న భయమొకటి. బ్రిటిషు ఇంజనీర్ల విచారణ వార్తలు తమకు దొరకవన్న భయమింకొకటి. వారిలో నొకడగు యూజీను లయన్సు తాము చేసినది 1937లో గ్రంథరూపమున ఒప్పుకొనెను. డురాంటీయో, ఆ యేడు సెప్టెంబరులోనే, కోటిమంది వరకు చచ్చియుండవచ్చునని బ్రిటిషు రాయబార కార్యాలయములో రహస్యముగ చెప్పెను. ఉక్రెయినులోనే 35 లక్షలకు తక్కువగాక చనిపోయిరని నేటి చరిత్రకారులలో పెక్కుమంది లెక్కింతురు.

మే 13వ తేదీని జోన్సు సమాధానము అదే పత్రికలో వెలువడినది. మాటను వెనుకకు తీసికొనలేదు. కరువునకు ఆహారపు కొరత యను మర్యాదపేరు పెట్టుటను పరిశీలనాధికారులు విలేఖరులకు నేర్పిరని యందు చెప్పెను. సోవియటు దేశమున ఆయనకిక ప్రవేశము లేకపోయెను. తల్లి చెప్పిన సీమను మరల చూడలేదు. కార్డిఫులో వెస్టరన్ మెయిలు పత్రికకు స్థానిక విషయములు వ్రాయుచు కొంతకాలము గడపెను.

1934 చివర ప్రపంచయాత్రకు బయలుదేరి జపానును, చైనాను చూచి, జపానువారి యధీనములోని మంగోలియా ప్రాంతమున ఒక జర్మను విలేఖరితో కూడ బందిపోట్లకు చిక్కెను. జర్మనును విడిచిరి. జోన్సును 1935 ఆగస్టు 12వ తేదీని కాల్చి చంపిరి. మరునాటికి ముప్పదియేండ్లు నిండవలసియుండెను. దీని వెనుక సోవియటు హస్తము కలదన్న యనుమానము నేటికిని యనుమానముగనే యున్నది.

డురాంటీకిచ్చిన బహుమానమును రద్దుచేయ నవసరము లేదని 2003లో పులిట్జరు సంఘమువారు తీర్మానించిరి. జోన్సు పల్లెలలో నడచుచు వ్రాసికొన్న చిన్న పుస్తకములు బారీలోని స్వగృహమున చాలకాలము పడియుండి, పిమ్మట బంధువుల కంటబడినవి. 2009లో వానిని కేంబ్రిడ్జిలో, ఆయన చదివిన ట్రినిటీ కళాశాల పుస్తకశాలయందు ప్రజలు చూచుటకై తెరచియుంచిరి.