కళాస్వాదన: మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమ

మనిషి సాహసాన్నీ సౌందర్యాన్నీ రాతిలోనో రంగుల్లోనో నిలిపిన కృతులను చూడడం, వాటి గుణం తెలుసుకోవడం, తెలుసుకుని ఆనందించడం కళాస్వాదన. పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగంలో దీనికి రెండు చరిత్రలున్నాయి. ఒకటి పొలాల గట్ల మీదా చెరువు కట్టల పక్కనా నిలిచిన వీరగల్లులది, వెయ్యేళ్లు పైబడినది. రెండోది 20వ శతాబ్దం తొలి పాదంలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో మొదలై మైసూరు, తిరువనంతపురం చిత్రశాలల దాకా సాగినది. ఒకే సీమలో నడిచినా ఈ రెండూ కలుసుకున్నది చాలా తక్కువ.

పోరులోనో, పశువుల మందను తోలుకుపోయే దొంగలను అడ్డగించడంలోనో, ఊరిని కాపాడడంలోనో ప్రాణం విడిచినవాడి పేరున నాటిన రాయి వీరగల్లు. ఈ సీమ ఒకప్పుడు బాణులకు, వైదుంబులకు, నొలంబులకు, పశ్చిమ గంగులకు పొలిమేర. మదనపల్లె పక్కనున్న చిప్పిలి, రేనాటి చోళుల శాసనాల్లో కనిపించే చిర్పులి ఒకటేనని చరిత్రకారులు గుర్తించారు. సరిహద్దు నేల కాబట్టి తగవులకు కొదవ లేదు. 9, 10 శతాబ్దాల వీరగల్లులు ఇక్కడ గుంపులు గుంపులుగా దొరకడానికి కారణమదే. వైదుంబులు, బాణులు ఒకవైపు, నొలంబులు, గంగులు మరోవైపు నిలిచిన సోరెమడి యుద్ధం పేరు కొన్నిటి మీద చెక్కి ఉంది. తెలుగు, కన్నడ, తమిళం మూడు భాషల వీరశాసనాలూ ఈ ప్రాంతంలో కనిపిస్తాయి. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్న కుప్పం వంటి ఊళ్లకు ఇది సహజమే.

వీరగల్లు శిల్పానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. చిన్న రాతిలో వీరుడొక్కడే ఉంటాడు: ముందుకు వేసిన అడుగు, వంగిన మోకాలు, చేతిలో విల్లు లేదా కత్తి, నడుముకు బాకు. కాళ్ల దగ్గర కూలిన శత్రువు, ఒక్కోసారి పశువులు. పెద్ద రాయిని అడ్డంగా మూడు భాగాలు చేస్తారు. కింద పోరు, నడుమ వీరుణ్ణి చెరోవైపు పట్టుకుని పైకి తీసుకుపోయే అప్సరసలు, పైన శివలింగం ముందు కూర్చున్న వీరుడు. చూపు కింద మొదలై పైకి సాగాలి; కథ నడిచేదీ అటే. గ్రానైటు గట్టిది, ముతక పలుకుది. సన్నని నగిషీకి లొంగదు. అందుకే శిల్పి ముఖకవళికల జోలికి పోకుండా బలమంతా భంగిమలో పెట్టాడు. ముఖం చూసి ఎవరినీ గుర్తుపట్టలేము, అడుగు చూసి మాత్రం ఆ తెగువ తెలుస్తుంది. అదే కాలపు గుడి శిల్పాలతో పోల్చి వీటిని మోటు పని అనడం తొందరపాటు. గుడిలో బొమ్మ దేవుడిది, ఆ రూపానికి లెక్కలు శాస్త్రంలో ఉన్నాయి. ఇక్కడ బొమ్మ ఊరివాడిది. రాజు పేరు శాసనంలో కాలం చెప్పడానికి వస్తుంది. రాయి నిలిచింది మాత్రం చనిపోయిన బంటు కోసం. అతని కుటుంబానికి భూమిని మాన్యంగా ఇచ్చిన సంగతి కూడా కొన్ని శాసనాల్లో ఉంటుంది.

తర్వాతి తరాలు ఈ రాళ్లను కళగా చూడలేదు, కొలిచాయి. పసుపు పూసి, బొట్టు పెట్టి, టెంకాయ కొట్టి వీరుణ్ణి ఊరి దేవుళ్లలో కలుపుకున్నారు. ఎన్నో రాళ్లు పగలకుండా మిగిలింది ఆ పూజ వల్లనే. విజయనగర కాలం వచ్చేసరికి కళ గుడి గోడలకెక్కింది. మదనపల్లెకు ఉత్తరాన, ములకలచెరువు దగ్గరి సోంపల్లె చెన్నకేశవాలయంలో ఆ కాలపు చిత్రాలు, శిల్పాలు చూడవచ్చు. మద్రాసు ప్రభుత్వ శాసన విభాగం ఊరూరా తిరిగి నకళ్లు తీయించడం మొదలుపెట్టాక వీరగల్లులు అచ్చులోకి వచ్చాయి. అయితే ఆ నివేదికలకు కావలసింది రాత. శిల్పానికి దక్కింది ఒకటి రెండు మాటలు.

రెండో చరిత్రకు మూలపురుషుడు బెల్‌ఫాస్ట్‌లో 1873లో పుట్టిన ఐరిష్ కవి జేమ్స్ హెన్రీ కజిన్స్. ఆయన, భార్య మార్గరెట్ 1915లో దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలు అనీబిసెంట్ పిలుపు మీద మద్రాసు చేరారు. ఆమె నడిపిన 'న్యూ ఇండియా' పత్రికలో పని దొరికింది. 1916లో డబ్లిన్‌లో తిరుగుబాటు చేసిన దేశభక్తులను మెచ్చుకుంటూ రాసినందుకు ఆ ఉద్యోగం పోయింది. బిసెంట్ ఆయనను మదనపల్లెకు పంపారు. 1915లో ఆమే నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాలలో కజిన్స్ ఇంగ్లీషు బోధకుడిగా చేరి, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. పత్రిక ఉద్యోగం చేజారడంతో ఆంధ్ర దేశపు ఒక చిన్న ఊరికి కళా విమర్శకుడొకరు దక్కారన్నమాట.

అవనీంద్రనాథ్ ఠాగూర్, నందలాల్ బోస్ వంటి బెంగాలీ చిత్రకారుల పనిని దక్షిణాదికి పరిచయం చేసినవారిలో కజిన్స్ ముందువరుసలో ఉంటారు. వారి చిత్రాల ప్రదర్శనలు పెట్టించడం, పక్కన నిలబడి వాటిని ఎలా చూడాలో ఉపన్యాసాలివ్వడం ఆయన పద్ధతి. చిత్రం దేన్ని పోలి ఉందని అడగడం కన్నా, గీత ఎటు సాగుతోంది, రంగు ఏ భావాన్ని తెస్తోంది అని అడగమనేవారు. కళాస్వాదన కొందరికే దక్కే విలాసం కాదని, చదువులో భాగం కావాలని ఆయన వాదన. 1918లో వెలువడిన 'ది రినయిసెన్స్ ఇన్ ఇండియా', 1925 నాటి 'ది ఫిలాసఫీ ఆఫ్ బ్యూటీ' ఆ ఆలోచనలకు నిలయాలు. మొదటి పుస్తకాన్ని సమీక్షిస్తూ అరవిందులు 'ఆర్య' పత్రికలో రాసిన వ్యాసాలు అదే పేరుతో విడి గ్రంథమయ్యాయి. కజిన్స్ రాసిన మరో విమర్శ గ్రంథం అరవిందుల 'ది ఫ్యూచర్ పొయట్రీ'కి ప్రేరణ అయింది.

1919లో దక్షిణాది యాత్రకు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ విశ్రాంతి కోసం మదనపల్లెలో ఆగారు. ఫిబ్రవరి 28న కళాశాలలో 'జనగణమన' పాడి వినిపించారు. అక్కడే దాన్ని 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' పేరుతో ఇంగ్లీషులోకి మార్చారు. సంగీతంలో పట్టా పొందిన మార్గరెట్ ఆ పాటకు స్వరలిపి సిద్ధం చేశారు. ఈ ఘట్టం జాతీయగీతం చరిత్రలో భాగంగానే అందరికీ తెలుసు. దాని వెనుక చదువు గురించిన ఆలోచన కూడా ఉంది. సంగీతం, లలితకళలు లేని విద్య కుంటిదని ఆ యాత్రలో ఠాగూర్ చేసిన 'ది సెంటర్ ఆఫ్ ఇండియన్ కల్చర్' ప్రసంగం సారాంశాల్లో ఒకటి. కజిన్స్ తన విద్యార్థుల ముందు చేస్తున్న పని కూడా అదే.

ఆ తర్వాత కజిన్స్ టోక్యోలోని కియో విశ్వవిద్యాలయంలో కొంతకాలం బోధించి తిరిగి వచ్చారు. మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయరు కోరిక మీద 1924లో జగన్మోహన ప్యాలెస్ చిత్రశాలకు రూపమిచ్చారు. 1930లలో మరోసారి మదనపల్లె కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. తిరువాన్కూరు సంస్థానానికి కళా సలహాదారై, 1935 సెప్టెంబరు 25న తిరువనంతపురంలో ప్రారంభమైన శ్రీ చిత్రాలయాన్ని తీర్చిదిద్దారు. పాశ్చాత్య తైలవర్ణ పద్ధతి మీద ఆయనకు మొదటి నుంచీ పెద్దగా మక్కువ లేదు. అయినా ఆ పద్ధతిలో చేయితిరిగిన రాజా రవివర్మ చిత్రాలకు చాలాకాలం పేరుపడ్డ చోటు ఆ చిత్రాలయమే. అక్కడే బెంగాలీ చిత్రాలు, నికొలస్ రోరిక్ హిమాలయ చిత్రాలు కూడా ఉన్నాయి. సొంత అభిరుచికి ఎదురుగా ఉన్నదాన్ని గోడకెక్కించడం కళా సలహాదారుకు అవసరమైన గుణమే.

కోస్తాలో ఇదే కాలంలో ఇలాంటి కదలికే వేరే దారిలో వచ్చింది. రాజమండ్రిలో కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల రామారావు (1897–1925), బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ చటర్జీ దగ్గర అడివి బాపిరాజు తయారయ్యారు. అక్కడ పుట్టినవారు చిత్రకారులు. మదనపల్లె ఇచ్చింది చూసే కన్ను. ఆంధ్ర చిత్రకళా చరిత్రల్లో ఈ ఊరి ప్రస్తావన తక్కువగా ఉండడానికి అదొక కారణం. బెంగాలీ చిత్రాల్లో ఆధ్యాత్మికతను వెతికే అలవాటు ఆ కన్నుకు ఒక పరిమితి కూడా. చెమటోడ్చే మనిషి, పోరాడే మనిషి అందులో అంతగా పడరు. మార్గరెట్ 1954లో అడయారులో, కజిన్స్ 1956 ఫిబ్రవరి 20న మదనపల్లెలో మరణించారు.

వీరగల్లులను శాసనంగానే కాక స్మారక కళగా చదవడం 20వ శతాబ్దం చివరలో ఊపందుకుంది. ఎస్. శెట్టర్, గుంథర్ సోంథైమర్ సంపాదకత్వంలో 1982లో ధార్వాడ నుంచి వెలువడిన 'మెమోరియల్ స్టోన్స్' దీనికి దారి వేసింది. ఆంధ్రప్రదేశ్ వీరుల స్మారకాల మీద ఆర్. చంద్రశేఖరరెడ్డి ఇంగ్లీషు గ్రంథం 1994లో వచ్చింది. కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం జానపద విజ్ఞానాన్ని అధ్యయన విషయంగా తీసుకుంది. రాళ్లు మాత్రం చాలా చోట్ల ఎండకూ వానకూ ఆరుబయటే ఉన్నాయి. ఏటికేడు మట్టి చేరి అడుగు భాగం పూడిపోతుంది. స్వర్గానికి పోయిన వీరుడు పైకి కనిపిస్తాడు, పోరాడిన వీరుడు నేలలో ఉండిపోతాడు. అలాంటి రాతిని వెలికితీసి, గద్దె మీద నిలిపి, రాతతో పాటు బొమ్మనూ వర్ణిస్తేనే దాని పరిచయం పూర్తవుతుంది.