గుంటూరులో దొరికింది హీలియం కాదు

హీలియంను 1868లో గుంటూరులో కనుగొన్నారని తెలుగునాట తరచుగా రాస్తుంటారు. ఆ మాటలో నిజం సగమే. ఆ ఏడాది ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలలు వేడి వాయువులనీ, వాటిలో ప్రధానమైనది హైడ్రోజన్ అనీ తేల్చాడు. మర్నాడు గ్రహణం లేకుండానే, పట్టపగలు, వర్ణపటదర్శినితో వాటిని మళ్లీ చూశాడు. అంతవరకూ ఆ జ్వాలల కోసం ఎప్పుడో వచ్చే గ్రహణం కోసం కాచుకోవలసి వచ్చేది. నా దృష్టిలో గుంటూరు ఘనత ఇదే. కొత్త మూలకాన్ని దానికి అంటగట్టనక్కర్లేదు.

వెలుగును రంగు గీతలుగా విడదీసే వర్ణపటదర్శిని మూలకాన్ని ఎలా పట్టిస్తుంది? మంటలో చిటికెడు ఉప్పు వేస్తే వచ్చే పసుపు వెలుగు సోడియంది. స్ట్రాన్షియం ఎరుపునూ బేరియం ఆకుపచ్చనూ ఇస్తాయని దీపావళి మందుగుండు చేసేవాళ్లకు తెలుసు. పరమాణువులో ఎలక్ట్రాన్లు కొన్ని శక్తి స్థాయిల్లోనే ఉండగలవు. పై స్థాయి నుంచి కిందికి దిగినప్పుడు ఆ తేడా వెలుగుగా బయటపడుతుంది. స్థాయిలు ఏ మూలకానికి ఆ మూలకానివే కనుక గీతలూ అంతే. ఈ కారణం 20వ శతాబ్దంలో గానీ తెలియలేదు. గీతలతో మూలకాన్ని పోల్చవచ్చని మాత్రం కిర్కాఫ్, బున్సెన్ 1859 నాటికే చూపి, ఆ దారినే సీజియం, రుబీడియం పట్టుకున్నారు.

హీలియం పసుపు గీత ఆ గ్రహణంలో మన గడ్డ మీదే కనబడింది కదా అనవచ్చు. నిజమే. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్సన్ సోడియం గీత దగ్గర దాన్ని చూశాడు. అయితే సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల వద్ద ఉంటే హీలియంది 587.6. కొద్ది నిమిషాల చీకట్లో ఆ ఇసుమంత తేడా పట్టడం అసాధ్యప్రాయం. గ్రహణంతో పని లేకుండా అక్టోబరులో మొదలుపెట్టి తీరిగ్గా కొలిచిన ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు నార్మన్ లాకియర్‌ది సోడియం కాదన్న నిర్ణయం. హైడ్రోజన్ నుంచి ఆ గీత రాదని ప్రయోగశాలలో చూశాకే కొత్త మూలకం అన్నాడు. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సేకు క్లీవైట్ ఖనిజం నుంచి వెలువడిన వాయువులో అదే గీత కనిపించాకే వాదు తీరింది. ఫ్రాన్సు ప్రభుత్వం జాన్సెన్, లాకియర్ ఇద్దరి ముఖాలతో వేయించిన పతకం కూడా సౌరజ్వాలల విశ్లేషణకే, హీలియంకు కాదు.

నడిగూడెం కేంద్రంగా మునగాల పరగణా ఏలిన నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి అనే ప్రచురణ సంస్థకు పూనుకున్నది శాస్త్రం కూడా తెలుగులో రావాలనే. ఆ తోవన నేడు రాసేవారు గుంటూరు పక్కన మచిలీపట్నాన్నీ, 1868 పక్కన 1895నూ తప్పక చేర్చాలి.