ఏ కులం ఎటు వేసింది? ఒక పట్టిక వెనక కథ

ఎన్నికల ఫలితాలొచ్చాక పేపర్లో ఒక పట్టిక వేస్తారు. మహిళల్లో ఇంత శాతం ఈ పార్టీకి, బీసీల్లో ఇంత, పాతికేళ్లలోపు వాళ్లలో ఇంత. సీట్ల అంచనా తప్పితే కౌంటింగ్ రోజునే దొరికిపోతుంది. ఈ పట్టికను సరిచూసే కౌంటింగ్ మాత్రం లేదు. ఓటు రహస్యం కాబట్టి ఉండదు కూడా. అయినా టికెట్లు ఇచ్చేవాళ్లూ పథకాలు రాసేవాళ్లూ ఐదేళ్లపాటు దీన్నే పట్టుకుంటారు.

ఈ పట్టికలకు ఆధారమైన సర్వేలకు మొదటి పెద్ద దెబ్బ అమెరికాలో తగిలింది. 1936 అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపితే సుమారు 24 లక్షలు తిరిగొచ్చాయి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడని రాసింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కి పోయాయి. చిరునామాలు చాలావరకు టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ కార్ల రిజిస్ట్రేషన్ల నుంచీ తీసుకున్నవి. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఎవరింట్లో ఉంటాయి? చాలా తక్కువమందిని అడిగిన సర్వే నిపుణుడు జార్జ్ గాలప్ మాటే నిజమైంది.

మన దేశంలో ఎరిక్ డ కోస్టా 1950ల్లోనే ఈ సర్వేల పని మొదలుపెట్టాడు. రజనీ కొఠారీ 1963లో ఢిల్లీలో స్థాపించిన సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ, 1967లో తొలి జాతీయ ఎన్నికల అధ్యయనం చేసింది. 1990ల నుంచి ఆ సంస్థలోని లోక్‌నీతి బృందం చేసే పద్ధతి నాకు చాలా ఇష్టం. ఓటర్ల జాబితాలోంచి యాదృచ్ఛికంగా పేర్లు తీసి, పోలింగయ్యాక ఆ మనిషి ఇంటికే వెళ్తారు. పార్టీల గుర్తులున్న నకలు బ్యాలెట్ చేతికిస్తారు. ఎవరికి వేశారో నోటితో చెప్పనక్కర్లేదు, గుర్తుపెట్టి మడిచి డబ్బాలో వేస్తే చాలు. పక్కన అత్తగారున్నా, సర్పంచ్ మనిషి నిలబడినా ఆ కాగితం లోపలికి ఎవరూ తొంగిచూడలేరు.

ఇంత శ్రద్ధగా చేసినా పట్టికలో ఒక గడికి చెందిన మనుషులు తక్కువైతే అంకె వణుకుతుంది. వెయ్యిమందిని అడిగితే శాంపిల్ వల్ల వచ్చే తేడా అటూ ఇటూ 3 శాతం. అందులో ఒక కులం వాళ్లు 100 మందే ఉంటే ఆ గడిలో తేడా 10 శాతం. అప్పుడు 45 అన్న అంకె నిజానికి 35 కావచ్చు, 55 కావచ్చు. పత్రికలో మాత్రం 45 అనే అచ్చవుతుంది. ఇంకో తికమక కూడా తరచూ చూస్తుంటాను. ‘బీసీల్లో 40 శాతం ఆ పార్టీకి వేశారు’ అన్నదీ, ‘ఆ పార్టీ ఓట్లలో 40 శాతం బీసీలవి’ అన్నదీ ఒకటి కాదు. టీవీ చర్చల్లో రెండూ ఒకటైపోతాయి.

మహిళల విషయంలో ఒక గట్టి ఆధారం ఉంది. పోలింగ్ కేంద్రంలోనే ఆడ, మగ ఓటర్లను వేరుగా లెక్కిస్తారు. 1962లో మగవాళ్లు 63 శాతం ఓటేస్తే ఆడవాళ్లు 47 శాతమే. 2019లో ఆడవాళ్లు తొలిసారి వెంట్రుకవాసి ముందుకొచ్చారు. ఇది ఎన్నికల సంఘం లెక్క. వాళ్లు ఎవరికి వేశారన్నది మాత్రం మళ్లీ సర్వే మాటే.

ఫారం 20 అనే అధికారిక ఫలితాల పత్రంలో బూత్‌వారీ ఓట్లు చూసి ‘ఫలానా పేట మనకు వేసింది, కాబట్టి ఫలానా కులం మనదే’ అనే నాయకులు ఊరూరా ఉంటారు. గుంపు అంకెల్ని బట్టి మనుషుల సంగతి తేల్చడం తప్పుదారి పట్టిస్తుందని రాబిన్సన్ అనే అమెరికన్ 1950లోనే నిరూపించాడు. పేటలో మిగతా కులాలవాళ్లే ఆ ఓట్లు వేసి ఉండొచ్చు.

అసలు చిక్కు ఇంకా కింద ఉంది. అడిగినవాళ్లలో ఏ వర్గం తక్కువైందో తెలిస్తే ఆ వర్గానికి బరువు పెంచి లెక్క సరిచేయొచ్చు. కానీ అన్ని కులాల లెక్కలూ అచ్చయిన చివరి జనాభా లెక్కలు 1931వి. తెలంగాణ 2024లో సొంతంగా సర్వే చేస్తే బీసీలు 56.33 శాతం అని తేలింది. అందులో 10.08 శాతం ముస్లిం బీసీలు, వాళ్లను పక్కన పెడితే 46.25. ముస్లిం బీసీలైన దూదేకుల వాళ్ల ఇంటి తలుపు తట్టిన సర్వే కుర్రాడు ఆ ఇల్లాలి కాగితం డబ్బాలో వేయించుకుంటాడు. పట్టికలో ఆమెను ఒకరు ముస్లింల వరసలో వేస్తారు, ఇంకొకరు బీసీల వరసలో. ఆ ఒక్క నిర్ణయంతో రెండు వరసల శాతాలూ మారిపోతాయి.